పది రూపాయలు ఎవరివి? టెస్ట్ ముందు రాసి కట్టే చీటీ లెక్కల యాప్

లక్ష రూపాయల చీటీ. సభ్యులు 20 మంది, గడువు 20 నెలలు, నెలకు తలా 5,000. ఈ నెల పాట 18,000 దగ్గర ఆగింది. అంటే పాడుకున్నవారు 18,000 వదులుకుని 82,000 తీసుకుంటారు. వదులుకున్న 18,000లోంచి నిర్వాహకుడి కమీషన్, చీటీ విలువలో 5 శాతం, అంటే 5,000 తీసేస్తే 13,000 మిగులుతుంది. దాన్ని 20 మందికీ పంచితే తలా 650 డివిడెండ్. కాబట్టి ఈ నెల ఒక్కొక్కరూ కట్టాల్సింది 4,350. చీటీలు నడిపే ఇళ్లలో ఈ లెక్కను కాగితం లేకుండానే చెప్పేస్తారు.

ఇదే లెక్కతో ఒక చిన్న వెబ్ యాప్ కట్టాలనుకుందాం. ఈ నెల పాట ఎంతో రాయడానికి ఒక ఫారం, బటన్ నొక్కగానే ఎవరు ఎంత కట్టాలో చూపే పేజీ, పాత నెలల పట్టిక. అంతే. ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకుంటున్న విద్యార్థి కూడా రెండు మూడు రోజుల్లో రాసేయగలడు. కానీ ఇందులో తిరిగేది ఇరుగుపొరుగు డబ్బు. లెక్క ఒక్కసారి తప్పితే, తర్వాత ఎన్నిసార్లు సరిగ్గా వచ్చినా నమ్మకం తిరిగి రాదు. టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్, పొట్టిగా టీడీడీ, అనే పద్ధతి విలువ ఇలాంటి చిన్న యాప్‌లోనే బాగా కనిపిస్తుంది. పెద్ద సాఫ్ట్‌వేర్‌లో దాని ప్రభావం వంద కారణాల మధ్య కలిసిపోతుంది. ఇక్కడ మాత్రం ప్రతి టెస్ట్, అంటే కోడ్ సరైన జవాబు ఇస్తోందో లేదో చూసే ప్రతి చిన్న ప్రోగ్రామ్, ఏ ప్రశ్న అడిగిందో, దానికి ఏ జవాబు దొరికిందో విడివిడిగా చూడొచ్చు.

టీడీడీ అంటే ఎక్కువ టెస్టులు రాయడం అని చాలామంది అనుకుంటారు. అసలు కీలకం ఎన్ని రాశామన్న దాంట్లో కాదు, వరుసలో ఉంది. కోడ్ ఇంకా లేనప్పుడే దాని నుంచి ఏం రావాలో ఒక టెస్ట్‌గా రాస్తారు. దాన్ని నడిపితే తప్పనిసరిగా ఫెయిల్ అవుతుంది. దీన్నే రెడ్ అంటారు. తర్వాత ఆ ఒక్క టెస్ట్ పాస్ అవడానికి సరిపడినంత కోడ్ మాత్రమే రాస్తారు. అది గ్రీన్. అప్పుడు టెస్టులన్నీ పాస్ అవుతూ ఉండగానే కోడ్‌ను శుభ్రం చేస్తారు. దానికి పేరు రీఫ్యాక్టరింగ్. ఈ మూడు అడుగుల చుట్టు కొన్ని నిమిషాల్లో అయిపోవాలి. గంట పడితే, ఎంచుకున్న అడుగు పెద్దదైందని అర్థం.

ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ ప్రోగ్రామర్ కెంట్ బెక్ దాన్ని తాను కనిపెట్టానని చెప్పుకోలేదు, తిరిగి వెలికితీశానని మాత్రమే అన్నాడు. ప్రోగ్రామ్‌కు ఇన్‌పుట్ టేప్ ఇచ్చి ఔట్‌పుట్ టేప్ తీసుకునే రోజుల్లోని ఒక పాత పుస్తకంలో, రావాల్సిన ఔట్‌పుట్ టేప్‌ను ముందే చేత్తో టైపు చేసుకోమని రాసి ఉందట. ప్రోగ్రామ్ ఇచ్చే టేప్ దానితో సరిపోయేదాకా కోడ్ రాస్తూ పోవాలి. 1990ల్లో టీడీడీ ఒక భాగంగా ఉండే ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పని తీరు రూపుదిద్దుకున్నది క్రైస్లర్ కార్ల కంపెనీలో. అక్కడి ప్రాజెక్ట్ జీతాల లెక్కలది, అంటే అదీ డబ్బు పంచే సాఫ్ట్‌వేరే. 1997లో బెక్, మరో ప్రోగ్రామర్ ఎరిక్ గామా కలిసి అట్లాంటా సదస్సుకు వెళ్తూ విమానంలోనే జావా భాష కోసం జేయూనిట్ అనే టెస్ట్ పరికరానికి తొలి రూపం ఇచ్చారు. తర్వాత చాలా భాషల్లో అలాంటి పరికరాలు వచ్చాయి. ఈ వ్యాసంలో ఉదాహరణకు తీసుకుంటున్నది పైథాన్ భాష, దానిలో టెస్టులు నడిపే పరికరం పైటెస్ట్, వెబ్ పేజీల కోసం ఫ్లాస్క్.

మొదటి టెస్ట్ పేజీ గురించి కాదు

కొత్తవాళ్లు సాధారణంగా పేజీ నుంచే మొదలుపెడతారు. ఫారం ఎలా కనిపించాలి, బటన్ ఏ రంగులో ఉండాలి అని. ఈ యాప్‌కు ప్రాణం లెక్క కాబట్టి, బ్రౌజర్ మాటే లేకుండా, ఫ్లాస్క్ ఇన్‌స్టాల్ కూడా చేయకుండా మొదలుపెట్టడం మేలు. మొదటి టెస్ట్ పైన చెప్పిన లెక్కే: చీటీ విలువ 1,00,000, సభ్యులు 20, కమీషన్ 5 శాతం, పాట 18,000 ఇస్తే డివిడెండ్ 650 రావాలి. నడిపితే ఫెయిల్ అవుతుంది, ఎందుకంటే డివిడెండ్ అనే ఫంక్షనే, అంటే ఆ లెక్క చేసే కోడ్ ముక్కే, ఇంకా లేదు. ఖాళీ ఫంక్షన్ పెడితే మళ్లీ ఫెయిల్, కానీ ఈసారి కారణం వేరు: 650 రావాల్సిన చోట ఏమీ రాలేదు. రెడ్ వచ్చింది కదా అని ముందుకు పోకుండా, ఎందుకు వచ్చిందో చదవడం ఈ పద్ధతిలో సగం పని. అనుకున్న కారణానికి కాకుండా పేరు తప్పు టైపు చేసినందుకు ఫెయిలైన టెస్ట్ ఏమీ చెప్పదు.

ఇప్పుడు పాస్ అవడానికి అతి చిన్న దారి ఏమిటి? ఫంక్షన్ నేరుగా 650 అని తిరిగి ఇచ్చేయడం. కొత్తవాళ్లకు ఇది మోసంలా అనిపిస్తుంది. కానీ ఆ అడుగుకు ఒక పని ఉంది. ఒక్క ఉదాహరణతో రాసిన టెస్ట్ ఎంత బలహీనమో అది బయటపెడుతుంది. లెక్కే చేయని కోడ్ పాస్ అవుతోందంటే, టెస్ట్ ఇంకా చాలదు. అందుకే రెండో ఉదాహరణ: పాట 25,000 అయితే కమీషన్ పోగా 20,000, తలా 1,000. ఇక నేరుగా అంకె ఇచ్చేసి తప్పించుకోవడం కుదరదు. పాటలోంచి కమీషన్ తీసి సభ్యుల సంఖ్యతో భాగించే వాక్యం రాయాల్సిందే. అలవాటైనవాళ్లు ఇంత సులువైన లెక్కకు నేరుగా రెండో అడుగులోకే వెళ్తారు. అందులో తప్పు లేదు. అడుగు ఎంత చిన్నగా వేయాలన్నది, కింద నేల ఎంత గట్టిగా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇంతవరకూ పాటలన్నీ సరిగ్గా వేలల్లోనే ఉన్నాయి. మూడో ఉదాహరణగా 18,150 ఇచ్చి చూస్తే కథ మారుతుంది. కమీషన్ పోగా 13,150, దాన్ని 20తో భాగిస్తే 657 రూపాయల 50 పైసలు. నెల వసూళ్లలో అర్ధరూపాయి ఎవరూ తేరు, 25 పైసలు, అంతకు తక్కువ నాణేలైతే 2011 జూన్ 30 నుంచి చెల్లడమే లేదు. కాబట్టి రూపాయికి సవరించాలి. టెస్ట్ రాయడానికి కూర్చున్న మనిషి ఇక్కడ ఆగిపోతాడు, ఎందుకంటే రావాల్సిన జవాబు గడిలో ఏ అంకె వేయాలో తెలియదు. 657? 658? కోడ్ ముందు రాసే అలవాటున్నవాళ్లు ఇక్కడ ఆగరు. రౌండ్ అనే సిద్ధంగా ఉన్న ఫంక్షన్ పెట్టేసి ముందుకు పోతారు.

ఆ రౌండ్ ఏం చేస్తుందో చూడాలి. పైథాన్ 3లో సరిగ్గా సగం దగ్గర ఉన్న అంకె దగ్గరలోని సరి సంఖ్యకు వెళ్తుంది. 657.5ను 658 చేస్తుంది, కానీ 656.5ను 656 చేస్తుంది. పాట 18,150 అయితే తలా 658 చొప్పున 13,160 పంచినట్టు, అంటే ఉన్నదానికంటే 10 రూపాయలు ఎక్కువ. నిర్వాహకుడు జేబులోంచి వేసుకోవాలి. పాట 18,130 అయితే తలా 656 చొప్పున 13,120 మాత్రమే పంచినట్టు, 10 రూపాయలు మిగులుతాయి. పక్కపక్కనే ఉన్న రెండు పాటల్లో ఒకసారి నిర్వాహకుడికి నష్టం, ఒకసారి సభ్యులకు. గణాంకాల పనిలో ఈ నియమం మంచిదే, తేడాలు ఒకే వైపు పోగుపడవు. చీటీలో మాత్రం ఎవరికీ వివరించి చెప్పలేని లెక్క అవుతుంది.

ఈ పది రూపాయలు ఎవరివి అన్నది ప్రోగ్రామర్ తేల్చాల్సిన ప్రశ్న కాదు. చీటీ నడిపేవాళ్లు, కట్టేవాళ్లు కూర్చుని తేల్చుకోవాల్సింది. టీడీడీకి పెద్ద ప్రయోజనం బగ్గులు పట్టడం అని చెబుతారు గానీ, అంతకంటే విలువైన పని ఇది: అడగాల్సిన ప్రశ్నను, అడగాల్సిన మనిషి దగ్గరికి, అడగాల్సిన సమయంలో పంపుతుంది. యాప్ ఆరు నెలలు నడిచాక ఇదే ప్రశ్న వస్తే అది ప్రశ్నగా రాదు, గొడవగా వస్తుంది.

ఒక నిర్ణయం ఇలా ఉందనుకుందాం: డివిడెండ్ ఎప్పుడూ కింది రూపాయికే, మిగిలింది వచ్చే నెల పంపకంలో కలపాలి. అప్పుడు టెస్ట్ స్పష్టంగా ఉంటుంది. పాట 18,150 అయితే డివిడెండ్ 657, మిగులు 10. ఇప్పుడు ఉదాహరణలకు అతీతంగా ఒక నియమాన్ని కూడా టెస్ట్‌గా రాయొచ్చు: ఏ పాటకైనా సరే, అందరూ కట్టిన మొత్తం, పాడుకున్నవారికి ఇచ్చింది, కమీషన్, ఈ నెల కొత్తగా మిగిలింది కలిపినంత ఉండాలి. 657 డివిడెండ్ అయితే తలా 4,343 చొప్పున 86,860 వసూలు. పాడుకున్నవారికి 81,850, కమీషన్ 5,000, మిగులు 10. సరిపోయింది. ఈ ఒక్క నియమాన్ని 5,000 నుంచి 40,000 దాకా ప్రతి పాటకూ నడపడానికి కంప్యూటర్‌కు క్షణం చాలు. పాత పద్దు పుస్తకాల్లో జమ, ఖర్చు సరిచూసుకునే పని ఇదే. రౌండ్ వాడిన కోడ్ ఇక్కడ తప్పించుకోలేదు.

కమీషన్‌కు 0.05తో గుణించడం కూడా మానుకోవాలి. కంప్యూటర్ దశాంశాలను రెండు ఆధారంగా ఉన్న భిన్నాలుగా దాచుకుంటుంది, అందుకే పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, చివర్లో ఎక్కడో 4 అనే అంకె తేలుతుంది. డబ్బును పూర్ణ సంఖ్యల్లోనే ఉంచి, 5తో గుణించి 100తో భాగించడం క్షేమం. ఆ 5ను కోడ్ లోపల పాతేయకుండా బయటినుంచి ఇవ్వడానికి ఇంకో కారణం ఉంది. 1982 చిట్ ఫండ్స్ చట్టంలో నిర్వాహకుడి కమీషన్‌కు గరిష్ఠ పరిమితి 5 శాతం. 2019 సవరణ దాన్ని 7 శాతానికి పెంచింది. 7 శాతం చీటీకి పాత టెస్టులు తాకకుండా కొత్తది ఒకటి చేరుతుంది: పాట 18,000 అయితే పంచేది 11,000, డివిడెండ్ 550.

కమీషన్ కంటే తక్కువ పాట వస్తే ఏమవుతుంది? 4,000 అని పొరపాటున టైపు చేస్తే పంచాల్సింది మైనస్ 1,000, తలా మైనస్ 50. కోడ్ ఏ ఇబ్బందీ లేకుండా అందరినీ 5,050 కట్టమంటుంది. ఎర్రర్ రాదు, పేజీ చక్కగా కనిపిస్తుంది. వెబ్ యాప్‌లలో ప్రమాదకరమైన తప్పులు ఇలాంటివే. యాప్ ఆగిపోతే ఎవరైనా ఫోన్ చేస్తారు, నమ్మదగినట్టు కనిపించే తప్పు అంకెకు ఎవరూ చేయరు. టెస్ట్ ఇక్కడ ఏం కోరాలి? కమీషన్ కంటే తక్కువ పాటను తిరస్కరించాలని. సరిగ్గా కమీషన్ అంతే ఉంటే ఒప్పుకోవాలని కూడా వేరే టెస్ట్ ఉండాలి, ఎందుకంటే ఆఖరి నెల పాట ఉండదు, మిగిలిన ఒక్కరూ కమీషన్ మాత్రమే వదులుకుంటారు. హద్దుకు అటొకటి, ఇటొకటి, హద్దు మీద ఒకటి.

లక్ష కామా, తెలుగు అంకెలు, కనబడని అక్షరం

లెక్క తేలాక దాన్ని చూపించాలి. ఇక్కడ ఒక చిన్న ఫంక్షన్, టీడీడీ నేర్చుకోవడానికి చక్కని అభ్యాసం. అంకెను మనం రాసుకునే పద్ధతిలో కామాలతో రాయడం. మొదటి టెస్ట్: 999 ఇస్తే 999. అంకెను అక్షరాలుగా మారిస్తే చాలు. రెండోది: 1000 ఇస్తే 1,000. పైథాన్‌లోనే కామా పెట్టే సదుపాయం ఉంది, అది వాడితే పాస్. 99,999 కూడా పాస్. ఇంతటితో అయిపోయిందనుకుని వదిలేస్తే లక్ష దగ్గర దెబ్బ తింటుంది. టెస్ట్ 1,00,000 కోరుతుంది, పైథాన్ మూడేసి అంకెలకు కామా పెట్టి 100,000 ఇస్తుంది. ఇప్పుడు నిజంగా ఆలోచించాలి: చివరి మూడు అంకెలు పక్కన పెట్టి, మిగతావాటిని వెనకనుంచి రెండేసి విడగొట్టాలి. తర్వాత 1,00,00,000తో సరిచూడాలి. సున్నా, మైనస్ అంకె కూడా మరిచిపోకూడదు. పది వాక్యాలు దాటని ఫంక్షన్, కానీ టెస్టులు లేకుండా రాస్తే మొదటిసారే సరిగ్గా రావడం అరుదు.

లోపలికి వచ్చే అంకెలది ఇంకో కథ. ఫారంలో జనం 18000 అని రాస్తారు, 18,000 అని రాస్తారు, ముందో వెనకో ఖాళీ వదులుతారు. పైథాన్ అక్షరాలను పూర్ణ సంఖ్యగా మార్చేటప్పుడు ఆ ఖాళీలను తీసేస్తుంది, కామా ఉంటే మాత్రం ఒప్పుకోదు. ఆశ్చర్యం ఏమిటంటే ౧౮౦౦౦ అని తెలుగు అంకెలతో రాసినా సరిగ్గా 18000 అని చదువుతుంది. తెలుగు అంకెలు వాడే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఇది వరమే. కానీ ఆ వరం ఉందని నమ్ముకున్నప్పుడు దాన్నీ ఒక టెస్ట్‌లో రాసి పెట్టాలి, రేపు ఎవరో ఆ ఫంక్షన్‌ను మార్చి, 0 నుంచి 9 వరకూ ఇంగ్లిష్ అంకెలనే అనుమతిస్తే తెలియాలి కదా.

సభ్యుల పేర్ల దగ్గర తెలుగు లిపి తెచ్చే చిక్కు ఒకటి ఎదురవుతుంది. అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్ వాడే సంకేత పద్ధతి యూనికోడ్. అందులో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వపు పొడవు గుర్తు విడివిడిగా. శైలజ అనే పేరు రెండు రకాల్లోనూ కంటికి ఒకటే, కంప్యూటర్‌కు రెండు వేరు పేర్లు. అలాగే పొల్లుతో ముగిసే కిరణ్ లాంటి పేర్ల చివర కొన్ని కీబోర్డులు కనబడని జోడింపు నిరోధక అక్షరాన్ని వదిలి వెళ్తాయి. ఒకే సభ్యుడు రెండుసార్లు నమోదైపోతాడు, ఎందుకో తెరమీద ఎంత చూసినా అర్థం కాదు. పేర్లను యూనికోడ్ నియమం ప్రకారం ఒకే రూపానికి తెస్తే ఐత్వం సమస్య తీరుతుంది. కనబడని అక్షరం మాత్రం దానితో పోదు, పేరు చివర ఉంటే విడిగా తీసేయాలి. పదం మధ్యలో, రాజ్‌కుమార్ లాంటి పేరులో, అది అవసరమైన అక్షరమే కాబట్టి అక్కడ ముట్టుకోకూడదు. ఈ మూడింటికీ మూడు టెస్టులు. తెలుగులో యాప్‌లు కట్టేవాళ్లు ఇలాంటి టెస్టులను మొదటి రోజే రాసుకుంటే ఎంత శ్రమ తప్పుతుందో.

ఇప్పుడు పేజీలు

లెక్క ఫంక్షన్లు గట్టిపడ్డాక వెబ్ భాగం చాలా పలచగా మిగులుతుంది. ఫారం నుంచి అంకె తీసుకుని, ఫంక్షన్‌కు ఇచ్చి, జవాబును పేజీలో పెట్టడమే. ఫ్లాస్క్‌తో పాటే టెస్ట్ క్లయింట్ అనే సదుపాయం వస్తుంది. నిజమైన సర్వర్ నడపకుండానే, బ్రౌజర్ తెరవకుండానే, యాప్‌కు అభ్యర్థన పంపి జవాబు చూడొచ్చు. మొదటి టెస్ట్ మొదటి పేజీ తెరుచుకుంటుందా అన్నది, అంటే అంతా సరే అని చెప్పే జవాబు కోడ్ 200 రావాలి. ముందు యాప్ ఫైలే లేదని ఫెయిల్, తర్వాత ఆ చిరునామా లేదని 404తో ఫెయిల్, ఆ తర్వాత పాస్. రెండో టెస్ట్ అసలు పని: 18,000 పాటను పంపితే ఆ నెల పేజీకి మళ్లించాలి, ఆ పేజీలో 4,350 కనిపించాలి.

పేజీలో ఏం వెతకాలన్న దగ్గర నిగ్రహం కావాలి. పట్టికలో మూడో వరుస, రెండో గడి అని వెతికే టెస్ట్, డిజైన్ కాస్త మార్చగానే విరిగిపోతుంది. లెక్క సరిగ్గానే ఉన్నా రెడ్ చూపిస్తుంది. అలాంటి టెస్టులు నాలుగు పోగైతే మనుషులు రెడ్‌ను పట్టించుకోవడం మానేస్తారు, అప్పటినుంచి మంచి టెస్టులు కూడా వృథా. పేజీలో సభ్యుడికి ముఖ్యమైన మాట, ముఖ్యమైన అంకె ఉన్నాయా అని చూస్తే చాలు. తెలుగు పేజీకి మరో మెలిక: జవాబును ముడి బైట్లుగా, అంటే అక్షరాలుగా మార్చని అంకెల వరుసగా, తీసుకుంటే, పైథాన్‌లో బైట్ల రూపంలో నేరుగా తెలుగు అక్షరాలు రాయడం కుదరదు. జవాబును పాఠ్యంగా మార్చుకుని పోల్చాలి.

ఫోన్‌లో నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు బటన్ రెండుసార్లు నొక్కడం అందరూ చేసేదే. ఐదో నెల పాట రెండుసార్లు నమోదైతే? టెస్ట్ అదే పని చేస్తుంది: ఒకే పాటను రెండుసార్లు పంపి, డేటాబేస్‌లో ఆ నెలకు ఒకే వరుస ఉందని చూస్తుంది. మళ్లింపు ఒక్కటే దీన్ని ఆపలేదు, అది పేజీ రీఫ్రెష్ చేసినప్పుడు ఫారం మళ్లీ వెళ్లకుండా మాత్రమే కాపాడుతుంది. ఒక చీటీకి ఒక నెలలో ఒకే పాట అన్న కట్టడిని డేటాబేస్‌లోనే పెట్టాలి. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఈ యాప్‌కు సరిపోతుంది, కానీ టెస్టుల్లో రెండు చోట్ల జాగ్రత్తగా ఉండాలి. మెమరీలో ఉండే డేటాబేస్ వాడితే ప్రతి కొత్త కనెక్షన్‌కూ కొత్త ఖాళీ డేటాబేస్ వస్తుంది, రాసింది చదవబోతే పట్టికే లేదంటుంది. ప్రతి టెస్ట్‌కూ ఒక తాత్కాలిక ఫైలు వాడటం సులువు, పైటెస్ట్ ఆ ఫోల్డర్‌ను తానే ఇస్తుంది. రెండోది, పట్టికల మధ్య సంబంధాల కట్టడి మామూలుగా ఆపేసి ఉంటుంది, ప్రతి కనెక్షన్‌లో తెరవాలి. లేకపోతే పాటలు పాడిన సభ్యుడిని తొలగించినా ఎస్‌క్యూలైట్ అడ్డు చెప్పదు.

కాలం, అదృష్టం కూడా టెస్టులకు ఇబ్బందే. ఇద్దరు ఒకే మొత్తం దగ్గర ఆగితే చీటీ వేసి తీస్తారు. ఫంక్షన్ లోపలే యాదృచ్ఛికంగా ఒకరిని ఎంచుకుంటే, టెస్ట్ ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్. ఎంచుకునే పనిని బయటినుంచి ఇచ్చేలా రాస్తే, టెస్ట్ తనకు కావాల్సిన ఎంపికను ఇవ్వగలుగుతుంది. ఈ రోజు తేదీ కూడా అంతే. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంటే మనకు తెల్లవారుజామున 4 గంటలు అక్కడ ముందు రోజు రాత్రి పదిన్నర. ఒకటో తారీఖున కట్టిన డబ్బు పోయిన నెలలో పడుతుంది. తేదీని బయటినుంచి ఇవ్వాలని టెస్ట్ పట్టుబడితే కోడ్ నిర్మాణమే మారుతుంది. టెస్ట్ చేయడం కష్టంగా ఉన్న కోడ్, చాలాసార్లు అల్లిక సరిగ్గా లేని కోడ్.

చాలాసార్లు అన్నాం, ఎప్పుడూ అనలేదు. ఈ విషయం మీద పెద్ద చర్చే జరిగింది. రూబీ ఆన్ రైల్స్ అనే వెబ్ యాప్‌ల చట్రం సృష్టికర్త డేవిడ్ హైన్‌మైయర్ హాన్సన్ 2014లో టీడీడీ చచ్చిపోయిందని ప్రకటించాడు. టెస్టులకు అనువుగా ఉండాలని కోడ్‌ను అనవసరమైన పొరలుగా చీలుస్తున్నారని, నిజమైన భాగాల బదులు పెట్టిన నకిలీ భాగాలతో నిండిన టెస్టులు నిజమైన యాప్ గురించి ఏమీ చెప్పవని అతని ఆరోపణ. ఆ తర్వాత అతను, కెంట్ బెక్, సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ కలిసి వరుసగా సంభాషణలు జరిపారు. అతని విమర్శలో నిజం ఉంది. డేటాబేస్‌ను నకిలీగా పెట్టి, ఫలానా ఫంక్షన్‌ను ఒకసారి పిలిచారా అని మాత్రమే చూసే టెస్ట్, పైన చెప్పిన రెండుసార్ల నమోదును ఎప్పటికీ పట్టలేదు. చిన్న యాప్‌లో నిజమైన ఎస్‌క్యూలైట్ ఫైలుతోనే టెస్టులు క్షణాల్లో అయిపోతుంటే నకిలీ ఎందుకు?

లాభం ఎంత అన్నదానికి అధ్యయనాలు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్‌లో మూడు, ఐబీఎంలో ఒకటి, మొత్తం నాలుగు బృందాలను పరిశీలించి 2008లో వెలువరించిన ఫలితాల్లో, విడుదలకు ముందు బయటపడే లోపాల సాంద్రత (ఇంత కోడ్‌కు ఇన్ని లోపాలు అన్న లెక్క) టీడీడీ వాడని అలాంటి ప్రాజెక్టులతో పోలిస్తే 40 నుంచి 90 శాతం తగ్గింది. మొదట్లో పట్టే సమయం 15 నుంచి 35 శాతం పెరిగిందని ఆ బృందాల మేనేజర్ల అంచనా. రెండు అంకెలనూ కలిపే చెప్పాలి. మొదటిదాన్ని మాత్రమే చెప్పి టీడీడీని అమ్మడం న్యాయం కాదు. 39 మంది వృత్తి ప్రోగ్రామర్లతో 2010ల్లో జరిగిన మరో పరిశీలన ఇంకాస్త లోతుకు వెళ్లింది. టెస్ట్ ముందా, కోడ్ ముందా అన్నదానికంటే, అడుగులు చిన్నవిగా, సమానంగా ఉన్నాయా అన్నదే నాణ్యతతో ఎక్కువ ముడిపడి ఉందని తేల్చింది. టీడీడీ అభిమానులకు ఇది మింగుడుపడని మాట. కానీ చీటీ యాప్‌లో జరిగింది చూస్తే అర్థం ఉంది. 18,150 అనే ఒక్క ఉదాహరణను విడిగా తీసి చూసినందువల్లే పది రూపాయలు కనబడ్డాయి. అన్నీ ఒకేసారి రాసి ఉంటే అది వందల అంకెల మధ్య మునిగిపోయేది. టెస్ట్ ముందు రాయడం ఆ చిన్న అడుగులకు తోసే పద్ధతి. వేరే దారిలో ఆ అలవాటు ఉన్నవాళ్లను తప్పు పట్టాల్సిన పని లేదు.

ఇప్పుడు చాలామంది కోడ్‌ను ఏఐ సహాయకులతో రాయిస్తున్నారు. చీటీ డివిడెండ్ ఫంక్షన్ అడిగితే క్షణంలో వస్తుంది, చూడటానికి బాగుంటుంది, లోపల రౌండ్ ఉండొచ్చు. టెస్టులు కూడా దాన్నే రాయమంటే, తాను రాసిన కోడ్ ఏం ఇస్తుందో చూసి అదే సరైన జవాబని 658 రాసేయొచ్చు. రెండూ పాస్, రెండూ తప్పు. రావాల్సిన జవాబు మనిషి దగ్గరనుంచి, అదీ కోడ్ చూడకముందు వచ్చినప్పుడే టెస్ట్‌కు బలం. ఉన్న టెస్ట్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి సులువైన దారి ఒకటుంది: కోడ్‌లో ఒక గుర్తును కావాలని మార్చి, కమీషన్ తీసేచోట కలిపి చూడాలి. ఒక్క టెస్ట్ కూడా రెడ్ కాకపోతే, కవరేజీ, అంటే టెస్టులు నడిపిన కోడ్ వాటా, నూరు శాతం ఉన్నా ఆ టెస్టులు కాపలా కాయడం లేదు.

మిగిలింది ఒక్క పెద్ద టెస్ట్. 20 నెలల చీటీ మొత్తం మొదటినుంచి చివరిదాకా నడపడం. మొదటి నెల నిర్వాహకుడిది, పాట లేదు. తర్వాత 18 పాటలు, ఆఖరి నెల మిగిలినవారిది. ప్రతి నెల మిగులు తర్వాతి నెలలో కలుస్తుంది. చివర అందరూ 20 నెలల్లో కట్టినదాన్ని, అందరికీ ఇచ్చినదాన్ని, కమీషన్లను కూడి పోల్చాలి. ఈ టెస్ట్ మొదటిసారి నడిపినప్పుడు రెడ్ రావొచ్చు, కోడ్ తప్పు లేకపోయినా. భాగహారంలో మిగిలేది ఎప్పుడూ సభ్యుల సంఖ్య కంటే తక్కువే కాబట్టి ఆఖరి నెలకు చేరేది 19 రూపాయలకు మించదు. ఆ నెల పాట లేదు కాబట్టి దానికి కలిసేదీ లేదు. 20 మందికి తలా ఒక్క రూపాయి కూడా రాదు. వచ్చే నెలకు మోయడానికి వచ్చే నెలే లేదు. ఆఖరి చీటీ ఎత్తేవారికి ఇవ్వాలా, నిర్వాహకుడు ఉంచుకోవాలా అన్నది మళ్లీ సభ్యులనే అడగాలి. వాళ్లు చెప్పిన మాట ముందు చీటీ ఒప్పందంలోకి, అక్కడినుంచి ఈ టెస్ట్‌లో ఖాళీగా ఉన్న జవాబు గడిలోకి వెళ్తుంది.